బకెట్టు, గడియారం, నోటుబుక్కు: మీ వీధి లెక్కతో కార్పొరేషన్ చేత పని చేయించుకోవడం ఎలా

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చాయి. నీళ్లు తీశాక నష్టం రాసుకోవడానికి బృందాలు ఇంటింటికీ తిరిగాయి. మునిగిన కింది ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. మా పిన్ని వాళ్లది ఒకే డోర్ నంబరు, లోపల మూడు పోర్షన్లు. రాసుకోవడానికి వచ్చినవాళ్ల కాగితంలో అది ఒక ఇల్లు. మూడు కరెంటు బిల్లులు, గోడ మీద నీటి మరక పక్కన నిలబడి తీయించుకున్న ఫొటోలు పట్టుకెళ్లి చూపించాక గానీ అది మూడిళ్లు కాలేదు. అదే వీధి చివర అద్దెకుంటున్న ఒకాయన దగ్గర ఇవేవీ లేవు. ఆయన ఇల్లూ మునిగింది, కాగితంలో మాత్రం మునగలేదు.

అప్పటినుంచి నాకు లెక్కల పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో కూర్చున్న మనిషికి మన వీధి కనబడదు, కాగితమే కనబడుతుంది. ఆ కాగితం మనమే రాసి ఇస్తే? రెండేళ్లుగా మా వీధిలోనూ, గుంటూరులో మా అక్క వాళ్ల వీధిలోనూ ఈ పని చేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు కుళాయి నీళ్లు తీసుకున్నాను, ఎందుకంటే కొలవడం తేలిక. మురుగు కాలువ, వీధి దీపాలు, దోమలు, చెత్త బండి, ఏదైనా పద్ధతి ఇదే.

ముందు ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"మా ఏరియా సమస్యల మీద సర్వే" అని మొదలుపెడితే అది వారంలో అటకెక్కుతుంది. రోడ్లు, కుక్కలు, కరెంటు తీగలు, పింఛన్లు అన్నీ కలిసిన అర్జీని చదివే అధికారి అందులో తనది కానిదాన్ని ముందు వెతుకుతాడు. దొరుకుతుంది కూడా. ఫైలు పక్క టేబులుకి పోతుంది.

కాబట్టి ప్రశ్న ఒక్కటే ఉండాలి, దానికి సంతకం పెట్టగల మనిషి ఒక్కరే ఉండాలి. ఎవరిది ఏ పనో ఇక్కడే తేల్చుకోండి. పైపులు, సైడు కాలువలు, రోడ్లు ఇంజినీరింగ్ విభాగం. చెత్త, దోమలు ప్రజారోగ్య విభాగం. వీధి దీపం వెలిగించడం కార్పొరేషన్ పని, కానీ స్తంభం వంగితే, తీగ వేలాడితే కరెంటు వాళ్లది, అంటే సీపీడీసీఎల్. మన ఊరి మధ్య నుంచి పోయే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ జలవనరుల శాఖవి. కాలువలో గుర్రపుడెక్క పెరిగిందని నేరుగా కార్పొరేషన్‌కి రాస్తే "సంబంధిత శాఖకు పంపాము" అన్న జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, మనమే తప్పు గుమ్మం తట్టాం.

"మా వీధి చివరి ఇళ్లకు కుళాయి నీళ్లు ఎంత వస్తున్నాయి, ఎలాంటివి వస్తున్నాయి?" ఇది మంచి ప్రశ్న. "నీళ్ల సమస్య ఎందుకు పరిష్కరించడం లేదు?" అన్నది తిట్టు. దాన్ని కొలవలేం.

ఇప్పటికే ఉన్న లెక్క అడగండి, అదీ మొదటి రోజే

మీరు కష్టపడి రాయబోయేదాంట్లో సగం ఎక్కడో ఒక రిజిస్టరులో ఉండొచ్చు. వీధిలో ఎన్ని కుళాయి కనెక్షన్లు ఉన్నాయి, పైపు ఎన్ని అంగుళాలది, ఎప్పుడు వేశారు, క్లోరిన్ పరీక్ష రిజిస్టరులో గత మూడు నెలల ఎంట్రీలు ఏమున్నాయి. ముందు వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని (వార్డులో నీళ్లు, దీపాల లాంటి వసతులు చూసే ఉద్యోగిని) మామూలుగా అడగండి. చాలాసార్లు నోటిమాటగా చెప్పేస్తారు. కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చు. అందుకే మొదటి రోజే పెట్టమంటున్నాను, మీ సర్వే అయ్యేసరికి ఆ జవాబు కూడా చేతికొస్తుంది.

దరఖాస్తులో "ఎందుకు" అని అడగకండి. "ఫలానా రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగండి. చట్టం ఇచ్చేది ఉన్న కాగితాన్ని, సంజాయిషీని కాదు.

ఒక మాట. జనగణన అంకెలు మీ వీధికి పనికి రావు. చేతిలో ఉన్నవి 2011 నాటివి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కి వెళ్లింది. 2011లో పెంకుటిల్లు ఉన్నచోట ఇవాళ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది, పైపు మాత్రం అదే.

బొమ్మ గీయండి

ఫోను తీయకముందే పెద్ద చార్టు కాగితం మీద పెన్సిలుతో మీ వీధి గీయండి. నీళ్లు ఎటునుంచి వస్తాయి, వాల్వ్ ఎక్కడుంది, సైడు కాలువ ఎటు పారుతుంది, పైపు కాలువను ఎక్కడ దాటుతుంది. ఆ దాటే చోటే అసలు కథ ఉంటుంది. నీళ్లు లేని గంటల్లో పైపు ఖాళీగా ఉంటే, పక్కన నిలిచిన మురుగు చిన్న పగుల్లోంచి లోపలికి పోతుంది. కుళాయి వదలగానే మొదటి బిందెలోకి అదే వస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో బొమ్మ గీయడం పావుగంట పని. లైన్లు, అడ్డరోడ్లు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి. విజయవాడ కొండ ప్రాంతాల్లో అలా కుదరదు. అక్కడ వీధి అంటే మెట్లే. డోర్ నంబర్లు పాతవి కొన్ని, కొత్తవి కొన్ని, బై నంబర్లు కొన్ని. అలాంటిచోట డోర్ నంబరుతో పాటు మీరే వరస నంబరు ఇవ్వండి: కింది మెట్టు నుంచి పైకి 1, 2, 3. ఒకే డోర్ నంబరులో మూడు వంటిళ్లు ఉంటే మూడు నంబర్లు వేయండి. ఇల్లు అంటే గుమ్మం కాదు, పొయ్యి. మా పిన్ని దగ్గర నేర్చుకున్న పాఠం ఇది.

ఈ బొమ్మ పద్ధతి కొత్తదేం కాదు. 1854లో లండన్ బ్రాడ్ వీధి చుట్టుపక్కల కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావులను ఇంటింటి లెక్కన మ్యాపు మీద గుర్తుపెట్టి, అవన్నీ ఒక చేతిపంపు చుట్టూ ఉన్నాయని చూపించాడు. ఆ కథ చాలామందికి తెలుసు. నాకు నచ్చింది అందులో రెండో సగం. ఆ పంపుకి దగ్గర్లోనే ఉన్న బీరు తయారీ కర్మాగారంలో పనివాళ్లకు పెద్దగా ఏం కాలేదు. వాళ్లు ఆ నీళ్లు తాగడం లేదు. జబ్బు లేని ఇంటిని కూడా రాసుకున్నాడు కాబట్టే ఆయన వాదన నిలబడింది. మీరు కూడా సమస్య ఉన్న ఇళ్లకే వెళ్లి రాసుకొస్తే అది ఫిర్యాదుల కట్ట అవుతుంది, లెక్క కాదు. వీధిలో ప్రతి ఇల్లూ ఉండాలి, నీళ్లు బాగా వచ్చే ఇల్లు ముఖ్యంగా.

మనకు లండన్ దాకా పోనక్కర్లేదు. 2018 మార్చిలో పాత గుంటూరు ఆనందపేట పరిసరాల్లో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటిలో మురుగు కలిసిందన్నదే అప్పటి ప్రధాన ఆరోపణ. నీళ్లు వాసన వచ్చిన రోజు ఏ ఇంట్లో వచ్చిందో తేదీతో రాసుకునే నోటుబుక్కు వీధికొకటి ఉంటే ఎంత ముందు పట్టుకోవచ్చో ఆలోచించండి.

ప్రశ్నలు: ఎనిమిదికి మించితే చింపేయండి

నా మొదటి ఫారంలో 31 ప్రశ్నలున్నాయి. మూడో ఇంట్లో పెద్దావిడ "బాబూ, అన్నం చల్లారిపోతోంది" అంది. అక్కడితో 23 కొట్టేశాను.

అడగాల్సింది అభిప్రాయం కాదు, నిన్న జరిగింది. "నీళ్లు సరిగ్గా వస్తున్నాయా?" అంటే కోపంగా ఉన్నవాళ్లు రావడం లేదంటారు, మొహమాటస్తులు పర్వాలేదంటారు. ఇలా అడగండి:

- నిన్న కుళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి ఆగింది?
- 20 లీటర్ల బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు? (ఇది అడగకండి, ఎదురుగా కొలవండి)
- మొదటి నీళ్లకు రంగు, వాసన ఉన్నాయా? ఎంతసేపటికి తేటపడ్డాయి?
- ఇంట్లో ఎంతమంది? అద్దెకా, సొంతమా?
- తాగడానికి ఏ నీళ్లు: కుళాయివా, క్యానా, ఆర్‌వోనా? నెలకు క్యాన్లకు ఎంతవుతుంది?
- గత 15 రోజుల్లో ఇంట్లో ఎవరికైనా విరేచనాలయ్యాయా?
- కుళాయికి మోటారు బిగించారా?

బకెట్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటింటికీ మీ బకెట్టే తీసుకెళ్లండి. ఎవరింటి బిందె వాళ్లది వాడితే లెక్క చెడుతుంది, బిందెలన్నీ ఒక కొలత కాదు. లీటరు సీసాతో 20 సార్లు పోసి, నిండిన చోట పర్మనెంట్ మార్కరుతో గీత పెట్టండి. గీత దాకా నిండడానికి 5 నిమిషాలు పడితే నిమిషానికి 4 లీటర్లు. కుళాయి 45 నిమిషాలు వస్తే 180 లీటర్లు. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి: మురుగు పైపులైన్లున్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది దేశంలో ఇంజినీర్లు పాటించే ప్రమాణం. నలుగురున్న ఇంటికి 540. ఈ రెండంకెలు పక్కపక్కన చూసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), "కొంచెం ప్రెషర్ తక్కువే అనుకుంటా" అనలేడు.

నీటి నాణ్యతకు మూడు పరీక్షలున్నాయి, మూడూ చేసేది వేర్వేరు పని. టీడీఎస్ మీటరు చవక కాబట్టి అందరి దగ్గరా ఉంటుంది. అది చెప్పేది ఉప్పులు, లవణాల సంగతే. దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ లెక్కలో లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. మురుగు కలిసిన నీళ్లలో కూడా టీడీఎస్ 300 చూపించొచ్చు. "మీటరులో బాగానే ఉందండీ" అని ఎవరన్నా నమ్మకండి. రెండోది క్లోరోస్కోప్: నీళ్లలో రెండు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న మేరకు పసుపు రంగు తిరుగుతుంది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వీధి మొదట్లో పసుపు వచ్చి చివర రంగే రాకపోతే మధ్యలో ఏదో క్లోరిన్‌ను తినేస్తోందని అర్థం, అది మురుగు కావచ్చు. మూడోది హెచ్2ఎస్ సీసా. నీళ్లు నింపి గదిలో పెడితే, మలినపు బాక్టీరియా ఉంటే 24 నుంచి 48 గంటల్లో నల్లబడుతుంది. ఇవి ప్రాథమిక పరీక్షలే, ల్యాబు రిపోర్టుకు బదులు కావు. కానీ ల్యాబు వాళ్లు ఏ కుళాయి దగ్గర శాంపిల్ తీయాలో ఇవి చెబుతాయి. చుక్కల మందు చేతికి తగలనివ్వకండి, పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి.

ఆధార్ నంబరు, కులం, రేషన్ కార్డు అడగొద్దు. ఫోన్ నంబరు కూడా అక్కర్లేదు. బకెట్టు ఎంతసేపట్లో నిండుతుందో తెలుసుకోవడానికి ఇవెందుకు? పైగా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మనం పెట్టుకున్నదానికి మనమే కాపలా కాయాలి. లేనిది పోదు.

గుమ్మం దగ్గర

మన జనానికి సర్వే అంటే అనుమానం, అందులో తప్పేం లేదు. ఇన్నేళ్లూ ఫారం పట్టుకుని వచ్చినవాడు పథకం ఇవ్వడానికో, తీసేయడానికో వచ్చాడు. పన్ను పెంచుతారేమోనన్న భయం ఇంటివాళ్లది, ఇల్లు ఖాళీ చేయిస్తారేమోనన్న భయం అద్దెవాళ్లది, కాలువ గట్టు మీద ఉన్నవాళ్లదైతే ఏకంగా ఇల్లు పోతుందన్న భయం. అందుకే తలుపు తట్టగానే ఫారం తీయకండి. ఇలా చెప్పండి: "పిన్నిగారూ, మేం ఇదే వీధి, ఆ వేపచెట్టు పక్కిల్లు. గవర్నమెంటు వాళ్లం కాదు, పార్టీ వాళ్లమూ కాదు. నీళ్లు ఎంతొస్తున్నాయో వీధంతా కొలుస్తున్నాం. పేరు రాయం. ఆదివారం సాయంత్రం గుడి దగ్గర అందరికీ చూపిస్తాం, మీరూ రండి." వద్దంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఫారంలో "ఇష్టపడలేదు" అని రాయండి, చాలు.

ఇద్దరిద్దరు వెళ్లాలి, ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాయడానికి. జంటలో ఒక ఆడమనిషి తప్పనిసరి. నీళ్లు పట్టేది ఇంట్లో ఆడవాళ్లే, ఎన్నింటికి వచ్చాయో, ఏ రోజు వాసన కొట్టాయో వాళ్లకే తెలుసు. మగవాళ్లను అడిగితే "వస్తున్నాయండీ, పొద్దున్నే" అంటారు. పొదుపు సంఘాల వాళ్లను, ఆ సంఘాలను చూసుకునే ఆర్‌పీని (రిసోర్స్ పర్సన్‌ను) కలుపుకుంటే సగం పని అయినట్టే, ప్రతి గుమ్మం వాళ్లకు తెలుసు. ఆశా కార్యకర్త తోడొస్తే విరేచనాల ప్రశ్నకు నిజం జవాబు వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి? కుళాయి వచ్చే వేళకే. తెల్లవారుజామున అయిదుకు వస్తే అయిదుకే. బెజవాడ ఎండలో మధ్యాహ్నం తిరిగి వడదెబ్బ తెచ్చుకోకండి, ఆ టైములో తలుపు తీసేవాళ్లూ ఉండరు. సాయంత్రం సీరియళ్ల టైము కూడా వదిలేయండి.

ప్రతి ఇంటినీ ఒక్కసారి కొలవండి. ఆ తర్వాత మొదట్లో రెండిళ్లు, మధ్యలో రెండు, చివర రెండు ఎంచుకుని అక్కడ మాత్రం నెలరోజులు రోజూ కొలవండి. ఒక్క రోజు లెక్క తెస్తే "ఆ రోజు మోటారు రిపేరండీ" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. 30 రోజుల లెక్కకు ఆ జవాబు చాలదు.

కాగితమా, ఫోనా? పదిమందికి కాగితమే సుఖం. వంద ఇళ్లు దాటితే ఫోనులో సర్వే ఫారాలు నింపుకునే కోబో టూల్‌బాక్స్ లాంటిది వాడండి. డబ్బు కట్టనక్కర్లేదు, నెట్ లేకపోయినా ఫోనులో నింపుకుని తర్వాత పంపొచ్చు. తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు. ఫొటోలు తేదీ, స్థలం పడేలా జీపీఎస్ కెమెరా యాప్‌తో తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపల ఉన్న తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి. నేను ఇది తెలియక ఒక వారం ఫొటోలు పాడుచేసుకున్నాను.

మీ లెక్కను మీరే అనుమానించండి

పది ఇళ్లకొకటి చొప్పున ఇంకో జంటను పంపి మళ్లీ కొలిపించండి. తేడా ఎక్కువుంటే మొదటి జంట తిట్టుకోకుండా మళ్లీ వెళ్లాలి. "తెలియదు" కూడా జవాబే, ఖాళీ గడి మాత్రం జవాబు కాదు. ఖాళీని సున్నాగా కలిపేస్తే కొంప మునుగుతుంది. తాళం వేసిన ఇళ్లు ఎన్నో రాయండి.

సగటు తీయకండి. అయిదిళ్లలో బకెట్టు 4, 5, 5, 6, 30 నిమిషాల్లో నిండిందనుకోండి. సగటు 10 నిమిషాలు. వీధిలో ఏ ఇంట్లోనూ 10 నిమిషాలు పట్టలేదు! నాలుగిళ్లు హాయిగా ఉన్నాయి, ఒకటి ఏడుస్తోంది. వరసలో పెట్టి మధ్య అంకె చెప్పండి, చివరి ఇంటి అంకె విడిగా చెప్పండి: "మధ్యలో ఉన్న ఇంటికి 5, చివరింటికి 30."

ఇక మోటార్ల సంగతి. మా వీధిలో చివరి ఇళ్లకు నీళ్లు రాకపోవడానికి పైపు సన్నగా ఉండటమే కారణమని అందరం నమ్మాం, బ్యానరు కూడా రాయించబోయాం. ఏడో ప్రశ్న దాన్ని తలకిందులు చేసింది. మొదట్లో ఉన్న చాలా ఇళ్లు కుళాయికే నేరుగా మోటార్లు బిగించుకున్నాయి. అందులో మా ఇల్లు ఒకటి. ఆ గడి చెరిపేద్దామని ఒకరిద్దరు అన్నారు. నాకూ ఒక నిమిషం అలాగే అనిపించింది, నిజం చెబుతున్నాను. చెరిపేసి అర్జీ పెట్టి ఉంటే లైన్‌మన్ ఒక్కపూట వచ్చి మోటార్లు లెక్కపెట్టుకుని వెళ్లేవాడు, మా కాగితం చిత్తయ్యేది.

ముందు వీధికి చూపించండి, తర్వాతే ఆఫీసుకి

మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ 2006 నుంచి నడుస్తోంది. ఊళ్లో రాసుకున్నది ఊళ్లోనే అందరి ముందూ చదివి, అవునా కాదా అని అడగడం అందులో ప్రాణం లాంటి భాగం. అదే చేయండి. రామాలయం అరుగో, చర్చి ఆవరణో, అపార్ట్‌మెంట్ సెల్లారో చూసుకుని చార్టు గోడకు అతికించండి. పేర్లు లేకుండా చుక్కలు పెట్టండి: బకెట్టు 5 నిమిషాల్లోపు నిండిన ఇల్లు ఆకుపచ్చ, 15 దాటితే ఎరుపు. చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. "మా ఇంటి దగ్గర ఎరుపెందుకు, మాకు బాగానే వస్తున్నాయిగా" అని ఎవరో అంటారు, వెళ్లి మళ్లీ కొలవండి. విరేచనాల లెక్క మాత్రం ఇంటి చుక్కగా పెట్టకండి. "చివరి 20 ఇళ్లలో ఇన్ని" అని మొత్తంగా చెప్పండి. ఎవరింట్లో రోగమో ఊరికి తెలియనక్కర్లేదు.

మా మీటింగులో మోటార్ల మీద పెద్ద గొడవే అయింది. ఆఖరికి, కుళాయి వచ్చిన మొదటి అరగంట ఎవరూ మోటారు వేయకూడదని ఒప్పుకున్నారు. ఆ వారం చివరి ఇళ్లలో బకెట్టు టైము తగ్గింది, పూర్తిగా కాదు. మిగిలిపోయిన ఆ తేడానే అసలు పైపు సమస్య. దాంతోనే మేం ఆఫీసుకి వెళ్లాం.

ఒక్క పేజీ

అధికారికి ఒక్క పేజీ ఇవ్వండి, మిగతాదంతా వెనక జతచేయండి. పైన స్థలం: డివిజన్ నంబరు, సచివాలయం నంబరు, వీధి. విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. సచివాలయం హద్దు, డివిజన్ హద్దు ఒకటే అనుకోకండి, చూసి రాయండి. తర్వాత లెక్క మూడు వాక్యాల్లో: మొత్తం ఎన్ని ఇళ్లు, ఎన్ని కొలిచాం, ఏం తేలింది. ఆ తర్వాత చిన్న బొమ్మ. చివర ఏం కావాలో.

వాళ్ల కొలతల్లో రాయండి. "చాలా దూరం" అనకుండా "వాల్వ్ నుంచి 140 మీటర్లు" అనండి. దీపాలైతే స్తంభం నంబరు, కాలువైతే పూడిక ఎన్ని అడుగుల లోతు, ఎన్ని మీటర్ల పొడవు. ఎస్టిమేటు వేసేవాడు మీ కాగితం పక్కన పెట్టుకుని నేరుగా అంకెలు ఎక్కించుకోగలగాలి.

కోరికను మూడు మెట్లుగా విడగొట్టండి. ఈ వారం డబ్బు లేకుండా అయ్యేది: వాల్వ్ మరో 20 నిమిషాలు తెరిచి ఉంచడం. నెలలో మరమ్మతు ఖాతాలో అయ్యేది: కాలువను దాటే చోట పైపు ముక్క మార్చడం. బడ్జెట్‌లో పెట్టాల్సింది: లైను మార్చడం. మూడోదే అడిగితే "నిధులు లేవు" అన్న ఒక్క మాటతో పోతుంది. మొదటిది అడిగితే కాదనడం కష్టం.

ఎవరికి, ఎప్పుడు

మొదట వార్డు సచివాలయం, అక్కడ రసీదు తీసుకోండి. వారంలో కదలకపోతే ఏఈ, ఆపైన డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు). అప్పుడూ కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అంటే పీజీఆర్‌ఎస్‌లో ఇవ్వండి, కలెక్టరేట్‌లోనూ కార్పొరేషన్‌లోనూ ఉంటుంది. అర్జీ నంబరు జాగ్రత్త. కొన్నాళ్లకు "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. దాన్ని చూసి కోప్పడకండి, అదే బకెట్టు పట్టుకుని అదే ఇంటికి వెళ్లండి. 30 నిమిషాలు 30గానే ఉంటే, ఆ కొలత జతచేసి మళ్లీ తెరిపించండి.

లైను మార్చే కోరికకు మాత్రం కాలం చూసుకోవాలి. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, బడ్జెట్ అంతకు ముందు నెలల్లోనే తయారవుతుంది. అందుకని అక్టోబరు, నవంబరుల్లోనే మీ కాగితం ఏఈ టేబులు మీద ఉండాలి. మే నెలలో దాహంతో ధర్నా చేస్తే ట్యాంకరు వస్తుంది, పైపు రాదు. మన దగ్గర సర్వేలన్నీ ఎండాకాలంలో మొదలై వాన పడగానే ఆగిపోవడం నేను చూసిన పెద్ద తప్పు. ఎండాకాలంలో కొలవండి, వానాకాలంలో మళ్లీ కొలవండి, దసరా తర్వాత ఇవ్వండి.

74వ రాజ్యాంగ సవరణలోని 243ఎస్ అధికరణం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. విజయవాడ, గుంటూరు రెండూ ఆ కోవలోవే. మీ డివిజన్‌లో కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని రాతపూర్వకంగా అడగండి. కార్పొరేటర్ ఉంటే ఆయనకూ ఒక ప్రతి, ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే వారికి ఒక ప్రతి. ఏ పార్టీ వాళ్లకైనా అదే కాగితం, అవే అంకెలు. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా రాశారని తెలిసిందంటే ఆ వీధిలో మళ్లీ సర్వే చేయలేరు.

పని అయ్యాక

పని జరిగాక చాలామంది నోటుబుక్కు మూసేస్తారు. ఇంకో నెల తెరిచి ఉంచండి. ఆ ఆరిళ్లే, ఆ బకెట్టే, ఆ టైమే. మెరుగైతే "చివరింట్లో 30 నిమిషాల నుంచి 9కి వచ్చింది" అని ఏఈకి ఒక ఉత్తరం రాయండి. తిట్లు తప్ప కాగితాలు అందుకోని మనిషి దాన్ని దాచుకుంటాడు, రేపు మీ పక్క వీధి వాళ్లు వెళ్తే ఆ ఉత్తరం గుర్తొస్తుంది. మెరుగవకపోతే అదీ అంకెతోనే రాయండి.

నోటుబుక్కు ఒకరింట్లో ఉంచకండి, ఇల్లు మారితే దాంతోపాటే పోతుంది. పేజీలన్నీ ఫొటో తీసి ఇద్దరి దగ్గర దాచండి. బకెట్టు మీద గీత ఆర్నెల్లకు చెరిగిపోతుంది, లీటరు సీసాతో మళ్లీ కొలిచి గీయండి. మాది ఇప్పుడు మూడో గీత.